ఓపెన్ సోర్స్ చర్చల్లో ఎలా మాట్లాడాలి: విశాఖ విద్యార్థులకు ఒక మార్గదర్శిని

మధురవాడ, ఋషికొండ వైపు కళాశాలల్లోనూ ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ కంప్యూటర్ సైన్సు చదివేవారిలో చాలామందికి ఏదో ఒక ఓపెన్ సోర్స్ (కోడ్‌ను ఎవరైనా చూసి మార్చుకోగల) ప్రాజెక్టులో తమ పేరు చూసుకోవాలని ఉంటుంది. కోడ్ రాయడం నేర్పే పాఠాలు కావలసినన్ని దొరుకుతాయి గాని, ఆ కోడ్ చుట్టూ జరిగే చర్చలో ఎలా మాట్లాడాలో చెప్పేవారు తక్కువ. అవతల ఉన్న మెయింటెయినర్లు, అంటే ప్రాజెక్టును చూసుకునేవారు, చాలాచోట్ల జీతం తీసుకోకుండా, సొంత ఉద్యోగం ముగించుకుని, మిగిలిన కాస్త సమయంలో మన సందేశాలు చదువుతారు. వారి సమయాన్ని వృథా చేయకుండా రాయడమే ఇక్కడి మర్యాదలో అసలు భాగం. తీయగా పలకరించడం దాని తర్వాతి మాట.

రాసే ముందు, కంట్రిబ్యూటింగ్, కోడ్ ఆఫ్ కాండక్ట్ అనే పేర్లతో ఉండే ఫైళ్లను చదవండి. మీ సమస్యను ఇంతకుముందే ఎవరైనా చెప్పారేమో, మూసివేసిన ఇష్యూలతో (ప్రాజెక్టు పేజీలో నమోదైన సమస్యలతో) సహా వెతకండి. అదే సమస్య కనిపిస్తే కొత్త ఇష్యూ తెరవకండి, దాని కింద ‘నాకూ ఇదే’ అని రాయకండి; ఆ ఒక్క మాటకు ఆ చర్చలో ఉన్న వారందరికీ నోటిఫికేషన్ వెళుతుంది. బొటనవేలి గుర్తు నొక్కితే చాలు.

ఇక రాయడం సంగతి. ఒక ఎడిటర్‌లో ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటను వెతికితే, అది పేజీలో కళ్లెదుటే ఉన్నా దొరకడం లేదనుకుందాం. ‘తెలుగు పనిచేయడం లేదు, అర్జెంటుగా చూడండి’ అని రాసి, ఫోన్‌తో తీసిన తెర ఫొటో ఒకటి జతచేస్తే, తెలుగు చదవడం రాని మెయింటెయినర్‌కు అందులో పట్టు దొరకదు. దానికి బదులు ఎడిటర్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, వాడిన కీబోర్డు చెప్పి, మీరు చేసిన పనులను వరుసగా రాసి, ఏం జరగాలో, ఏం జరిగిందో విడివిడిగా చెప్పండి. ‘ఫ్ట్’ కూ ‘వే’ కూ మధ్య, అవి కలిసి ఒత్తుగా మారకుండా ఆపే కనిపించని యూనికోడ్ అక్షరం ఒకటి ఉంటుందనీ, కొన్ని కీబోర్డులు దాన్ని చేరుస్తాయనీ కొన్ని చేర్చవనీ, అందువల్ల పాఠకుడికి ఒకటే అయిన మాట కంప్యూటరుకు రెండు వేర్వేరు మాటలవుతోందనీ వివరించండి. ఆ రెండు రూపాలనూ బొమ్మగా కాక అక్షరాలుగానే అతికించండి. అప్పుడు మెయింటెయినర్ వాటిని కాపీ చేసుకుని తన యంత్రంలో వెంటనే పరీక్షించగలుగుతారు. మీ ఇంగ్లీషు బాగులేదని క్షమాపణలు చెప్పనవసరం లేదు. మన కళాశాలల అలవాటు కొద్దీ అందరినీ ‘సర్’ అనడం కూడా మానుకోండి. అవతల ఉన్నది స్త్రీ కావచ్చు, ఖాతా పేరుతో పలకరిస్తే సరిపోతుంది.

కనిపించిన ప్రతి ఇష్యూ కింద ‘ఇది నాకు అసైన్ చేయండి’ అని రాసి మాయమవడం మనవాళ్లలో బాగా పాకిన అలవాటు. ఏ ఫైలులో ఏ మార్పు చేయదలచారో రెండు వాక్యాల్లో చెప్పి పని మొదలుపెట్టండి. 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ కార్యక్రమం ఇచ్చిన టీషర్టుల కోసం అర్థంలేని పుల్ రిక్వెస్టులు (కోడ్ మార్పును చేర్చుకోమనే విన్నపాలు) ఎంతగా వచ్చిపడ్డాయంటే, ఒప్పుకున్న ప్రాజెక్టులకు మాత్రమే వర్తించేలా నిర్వాహకులు ఆ నెలలోనే నియమం మార్చవలసి వచ్చింది.

జవాబు రావడానికి సమయం పడుతుంది. విశాఖలో రాత్రి 9 గంటలయ్యేసరికి, వేసవిలో, బెర్లిన్‌లో సాయంత్రం 5:30, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉదయం 8:30 అవుతుంది. పైగా చాలామంది వారాంతంలోనే చూస్తారు. ఒకటి రెండు వారాలు ఆగి, చెప్పడానికి కొత్త వివరం ఉంటే దానితో కలిపి, ఒక్కసారి గుర్తుచేయండి. ఒత్తిడి ఎంత ప్రమాదమో, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉదంతం చూపింది. ఆ కంప్రెషన్ ప్రాజెక్టును దాదాపు ఒంటరిగా నడుపుతున్న లాసె కాలిన్‌ను 2022లో కొన్ని అనామక ఖాతాలు ‘పని సాగడం లేదు, ఇంకొకరికి అప్పగించండి’ అని వేధించాయి. అలా అధికారం దక్కించుకున్న జియా టాన్ అనే ఖాతా ద్వారా 5.6.0, 5.6.1 వెర్షన్లలోకి దొంగ ద్వారం చేరింది. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీయబట్టి 2024 మార్చి 29న అది బయటపడింది. మీ ఇష్యూ కింద రాయమని క్లాసు వాట్సాప్ గ్రూపును పురమాయించేటప్పుడు, చూసేవారికి అది ఎలా కనిపిస్తుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. భద్రతా లోపం మీ కంటబడితే మాత్రం దాన్ని బహిరంగంగా రాయకండి. సెక్యూరిటీ అనే ఫైలులో చెప్పిన మార్గంలో రహస్యంగా తెలియజేయండి.

అభిప్రాయభేదం వచ్చినప్పుడు మనిషిని వదిలి కోడ్ గురించి మాట్లాడాలని అందరూ చెబుతారు. ఆచరణలో దాని అర్థం, మీరు జవాబిస్తున్న వాక్యాన్ని మాత్రమే ఉటంకించడం, ‘ఇది నెమ్మది’ అనే బదులు కొలిచిన సమయాన్ని చూపడం, చెప్పిందే మళ్లీ చెప్పకపోవడం. రివ్యూలో ‘ఇది తప్పు’ అని పొడిగా వచ్చిన వ్యాఖ్యను అవమానంగా తీసుకోకండి. ఒక్కొక్క వ్యాఖ్యకూ ఏం మార్చారో, మార్చకపోతే ఎందుకో రాయండి. పైథాన్ భాషలో పెప్ 572 అనే మార్పు ప్రతిపాదనపై సాగిన సుదీర్ఘ వాదనతో విసిగి, ఆ భాషను సృష్టించిన గిడో వాన్ రోసమ్ 2018 జూలైలో తుది నిర్ణేత స్థానాన్నే వదులుకున్నారు. ఆయన ప్రతిపాదన నెగ్గింది, అయినా ఆయన నిలవలేదు. నిర్ణయం మీకు విరుద్ధంగా వస్తే అభ్యంతరాన్ని ఒకసారి స్పష్టంగా నమోదు చేసి ఊరుకోండి. బొత్తిగా ఒప్పుకోలేకపోతే ఫోర్క్ చేసుకునే (కోడ్‌ను తీసుకుని వేరే ప్రాజెక్టుగా నడుపుకునే) హక్కు లైసెన్సులోనే ఉంది. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి లిబ్రెఆఫీస్ అలాగే పుట్టింది.

సమస్య మీ అంతట మీకే తీరితే, ‘సరిపోయింది’ అని వదిలేయకుండా ఏం చేస్తే తీరిందో రాసి ఇష్యూ మూసివేయండి. సెమిస్టర్ పరీక్షలు వచ్చి ఒప్పుకున్న పని ఆగిపోతే ఆ మాట అక్కడే చెప్పి, సగం చేసిన బ్రాంచి (మీ మార్పులున్న కోడ్ ప్రతి) లింకు ఇవ్వండి, మరొకరు అక్కడి నుంచి అందుకుంటారు.