పాత ఇంటి మరమ్మతులకు బ్యాంకు లోన్: ఫైలు ఆగేది ఎస్టిమేట్ దగ్గరే

తాతల నాటి పెంకుటింటినో, నలభై ఏళ్ల కిందట పోసిన శ్లాబ్ ఇంటినో బాగు చేయించుకుందామని లోన్‌కు వెళ్లినవాళ్లు చాలామంది ఉత్త చేతులతో తిరిగొస్తున్నారు. వాళ్లలో ఆదాయం చాలక ఆగిపోయేవాళ్లు కొందరే. మిగతా వాళ్ల ఫైలు ‘ఎస్టిమేట్ సరిగా లేదు’ అన్న ఒక్క మాటతో వెనక్కి వస్తోంది. ఆ మాట విని బయటికి రాగానే ఎవరో ఒకరు ఎదురవుతారు. ‘అన్నా, ఇంటి పన్ను రసీదు ఇవ్వు చాలు, సాయంత్రానికి ఇంజనీర్ సంతకంతో తెచ్చిస్తా’ అంటారు. ఇల్లు చూడకుండా తయారైన ఆ కాగితానికి డబ్బులు కట్టకండి. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను.

ముందుగా అందరికీ తెలిసిన కాగితాలు. ఆధార్, పాన్, జీతం స్లిప్పులు లేదా ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఇంటి రిజిస్టర్డ్ దస్తావేజు, దాని లింకు డాక్యుమెంట్లు (అంతకు ముందటి యజమానుల దస్తావేజులు), ఈసీ (ఆ ఇంటి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఇంటి పన్ను రసీదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్‌లో ఈసీ 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి.

ఇల్లు ఇంకా చనిపోయిన నాన్నగారి పేరు మీదో, తాతగారి పేరు మీదో ఉంటే ఎస్టిమేట్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ వారసులు ఎవరో చెబుతుంది, అంతే. దానితో ఇల్లు మీ ఒక్కరి పేరు మీదికి రాదు. రిజిస్టర్ చేసిన భాగపరిష్కార పత్రమో, అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు రాసిచ్చిన హక్కు విడుదల పత్రమో బ్యాంకు అడుగుతుంది. కొన్ని బ్రాంచీలు వారసులందరూ లోన్‌లో సంతకం చేస్తే ఒప్పుకుంటాయి. గ్రామకంఠంలో (ఊరి నివాస స్థలంలో) ఉండి దస్తావేజు లేని ఇళ్లకు ఏ కాగితం చెల్లుతుందో ముందే బ్రాంచిలో కనుక్కోండి. హక్కు సంగతి తేలాకే ఇంజనీర్‌కు ఫీజు కట్టాలి. చాలామంది ఈ రెండు పనులూ తిరగేసి చేసి నష్టపోతున్నారు.

ఇక ఎస్టిమేట్. కొత్త ఇంటికైతే చదరపు అడుగుకు ఇంత అని లెక్క కట్టి ఒక అంకె చెప్పేయొచ్చు. పాత ఇంటికి ఆ లెక్క పనికిరాదు, ఎందుకంటే రెండు పాత ఇళ్లు ఒకేలా పాడవవు. ఒక ఇంట్లో గోడలు గట్టిగా ఉండి పైకప్పు పోతుంది. ఇంకో ఇంట్లో కప్పు బాగుండి గోడల అడుగున చెమ్మ ఎక్కుతుంది. అందుకే మరమ్మతు ఎస్టిమేట్‌లో పని పనికీ విడిగా వరస ఉండాలి: పని వివరం, పొడవు, వెడల్పు, ఎత్తు, మొత్తం పరిమాణం, రేటు, సొమ్ము. చివర అన్నీ కలిపిన అబ్‌స్ట్రాక్ట్ పేజీ ఉంటుంది. ‘ఇంటి రిపేరు మొత్తం, 12 లక్షలు’ అని ఒకే ముక్క రాసి ఉంటే, కింద ఎంత పెద్ద స్టాంపు ఉన్నా అది ఆగిపోతుంది.

చేతికొచ్చిన ఎస్టిమేట్‌ను మీరే సరిచూసుకోవచ్చు, దానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గది తీసుకోండి. చుట్టుకొలత 44 అడుగులు. ఎత్తుతో గుణిస్తే గోడలు 440 చదరపు అడుగులు. చదరపు మీటరు అంటే 10.76 చదరపు అడుగులు కాబట్టి అది సుమారు 41 చదరపు మీటర్లు. తలుపులు, కిటికీల ఖాళీ తీసేస్తే ఇంకా తగ్గుతుంది. ఆ గది లోపలి ప్లాస్టరింగ్‌కు 70 చదరపు మీటర్లు రాసి ఉంటే, బయటి గోడ కూడా కలిపారా అని అడగండి. జవాబు రాకపోతే కొలతలు తీసుకోలేదనే అర్థం.

అంకె పెంచి రాయిస్తే మంచిదని చెప్పేవాళ్లు ఉంటారు. ఆ లెక్క ఎక్కడికి పోతుందో చూడండి. నిజంగా అయ్యే పని 8 లక్షలు అనుకుందాం. 12 లక్షలకు ఎస్టిమేట్ వేయించారు. బ్యాంకు 80 శాతం ఇస్తుందనుకుంటే 9.6 లక్షలు మంజూరవుతాయి, చేతి డబ్బు పెట్టక్కర్లేదు అనిపిస్తుంది. కానీ మరమ్మతు లోన్‌ను మామూలుగా ఒకేసారి చేతిలో పెట్టరు. ముందు మీ వాటా, అంటే 2.4 లక్షలు, ఖర్చయినట్టు చూపించాలి. ఆ తర్వాత పని జరిగినంత వరకు విడతలుగా ఇస్తారు. బ్యాంకు తరఫు ఇంజనీర్ వచ్చి 8 లక్షల పనే కనిపిస్తోందని రాస్తే మిగతాది రాదు. సరైన ఎస్టిమేట్ అయితే మీ వాటా 1.6 లక్షలతో సరిపోయేది. పెంచి రాయించినందుకు కమీషన్ తీసుకున్న మనిషి అప్పుడు ఫోన్ ఎత్తడు.

తక్కువ వేయించడం ఇంతకన్నా ప్రమాదం. పాత ఇంటి అసలు సంగతి విప్పితే గాని తెలియదు. పెంకులు దించాక దూలాల చివర్లు, అంటే గోడలోకి దిగిన భాగం, చెదపట్టి కనిపిస్తుంది. శ్లాబ్ అడుగున పెచ్చులు తీస్తే ఊచలు తుప్పుపట్టి సన్నబడి ఉంటాయి. కప్పు లేకుండా ఇల్లు, డబ్బు లేకుండా మీరు, నెత్తి మీద వానాకాలం. ఈ స్థితిలో రెండో లోన్ అంత తేలిగ్గా పుట్టదు. అందుకే ఇంజనీర్ వచ్చిన రోజు దగ్గరుండండి. దూలాల చివర్లు, బాత్రూం పక్క గోడలు, శ్లాబ్ అడుగుభాగం తట్టి చూడమనండి. ఊచలు బయటపడి ఉంటే మరమ్మతుతో ఆగుతుందా, మొత్తం మార్చాలా అన్నది స్ట్రక్చరల్ ఇంజనీర్ చెప్పాలి, మేస్త్రీ కాదు. ఇవన్నీ చూశాక కూడా అనుకోని ఖర్చుల కింద 10 నుంచి 15 శాతం అదనంగా ఉంచుకోండి. బ్యాంకు దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఆ డబ్బు విడిగా మీ దగ్గర ఉండాలి.

ఎస్టిమేట్‌లలో తరచూ మరిచిపోయేవి కొన్ని ఉన్నాయి. పగలగొట్టే కూలి, పెళ్లలు ట్రాక్టర్‌లో తరలించే ఖర్చు, కప్పు విప్పేటప్పుడు పెట్టే సపోర్టులు, వైరింగ్ మొత్తం మార్చడం, ఎర్తింగ్, చెదల మందు. పాత రేట్లతో వేసిన ఎస్టిమేట్ చేతిలో ఉంటే దాన్నీ మార్పించండి. సిమెంట్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది.

ఇంకొకటి, పాత సామాను. టేకు దూలాలు, గుమ్మాలు, తలుపులు, కడప బండలు ఇవన్నీ డబ్బే. ‘పాత సామాను మాకే’ అనే షరతు మీద కాంట్రాక్టర్ రేటు తగ్గించినట్టు చూపిస్తాడు. ఆ కలప విలువెంతో విడిగా ఇద్దరిని అడిగి తెలుసుకున్నాకే ఒప్పుకోండి. మళ్లీ వాడుకునేది ఏది, అమ్మేది ఏది అన్నది ఎస్టిమేట్‌లోనే రాయించి, ఆ విలువను మొత్తంలోంచి తీసివేయించాలి.

సంతకం ఎవరిది చెల్లుతుంది? చార్టర్డ్ ఇంజనీర్, మున్సిపాలిటీలో లైసెన్స్ ఉన్న ఇంజనీర్, రిజిస్టర్డ్ ఆర్కిటెక్ట్. వీళ్లలో ఎవరిది ఒప్పుకుంటారో బ్రాంచిలో అడిగి, వీలైతే రాతపూర్వకంగా తీసుకోండి. సంతకం కింద రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, ఇల్లు చూసిన రోజు ఉండాలి. గదుల ఫొటోలు జత చేయండి. పై అంతస్తు వేయడం, గది పెంచడం లాంటివి ఉంటే మున్సిపాలిటీ లేదా పంచాయతీ అనుమతి, ఆమోదించిన ప్లాన్ కూడా కావాలి. రంగులు, ఫ్లోరింగ్ లాంటి పనులకు మామూలుగా ప్లాన్ అవసరం ఉండదు.

బ్యాంకు తరఫు వాల్యుయర్ వచ్చినప్పుడు టెన్షన్ పడకండి. ఆయన ఇంటి విలువ కడతారు, ఎస్టిమేట్‌లో రాసినది ఇంట్లో కనిపిస్తోందా అన్నదీ చూస్తారు. ఒక కాపీ మీ చేతిలో పెట్టుకుని గది గదికీ చూపించండి. ఆయన ఫీజును బ్యాంకు చెప్పిన పద్ధతిలోనే కట్టండి, చేతికి ఇవ్వకండి.

సంతకాలు పెట్టే ముందు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అడగండి. 2024 అక్టోబర్ నుంచి కొత్త రిటైల్ లోన్లకు ఇది తప్పనిసరి. వడ్డీ, ఫీజులు, ఇతర ఖర్చులు అన్నీ అందులో ఉంటాయి. పన్ను మినహాయింపు గురించి ఎవరైనా 2 లక్షలు అని చెబితే నమ్మకండి. సొంతంగా ఉంటున్న ఇంటి మరమ్మతు లోన్ వడ్డీకి పాత పన్ను విధానంలో ఏడాదికి 30 వేలే పరిమితి.

ఫైలు తిరస్కరిస్తే కారణం రాసి ఇమ్మనండి. ఏదైనా సేవాలోపం మీద ఫిర్యాదు చేసి 30 రోజులైనా బ్యాంకు స్పందించకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. టోల్ ఫ్రీ నంబరు 14448. లోన్ తీరిన 30 రోజుల్లోగా మీ అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల రూపాయల చొప్పున మీకు చెల్లించాలి. 2023 డిసెంబర్ 1 నుంచి ఈ నియమం అమల్లో ఉంది.