రిజిస్టర్ అయిన సేల్ డీడ్‌ను రద్దు చేయించుకోవడం ఎలా?

చెన్నైలో స్థిరపడిన చాలా తెలుగు కుటుంబాలకు ఇక్కడ ఒక ఫ్లాటో, నెల్లూరు, చిత్తూరు వైపు పెద్దల నాటి స్థలమో ఉంటుంది. అది మోసంతో చేతులు మారిందని తెలియగానే ఎక్కువమంది సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లి, దస్తావేజు కొట్టేయమని అర్జీ పెడతారు. రిజిస్టర్ అయిన అమ్మకాన్ని అమ్మినవారు ఏకపక్షంగా రద్దు చేసుకోవడం చెల్లదని మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి 2011లో తేల్చింది. సంపూర్ణంగా ముగిసిన అమ్మకంలో కొన్నవారు ఒప్పుకున్నా సరే, రద్దు దస్తావేజుతో హక్కు వెనక్కి రాదనీ, వారు తిరిగి విక్రయ దస్తావేజు రాసివ్వాలనీ ఆ తీర్పు చెప్పింది. నకిలీ దస్తావేజులను జిల్లా రిజిస్ట్రారే రద్దు చేసేలా తమిళనాడు 2022లో రిజిస్ట్రేషన్ చట్టంలో తెచ్చిన 77-ఏ సెక్షన్‌ను అదే హైకోర్టు 2024లో కొట్టివేసింది. కాబట్టి ఎదుటివారు ఒప్పుకోనప్పుడు వెళ్లవలసింది సివిల్ కోర్టుకే.

ముందుగా ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి, వివాదంలో ఉన్న దస్తావేజు సర్టిఫైడ్ నకలు తెచ్చుకోండి. అందులో సంతకాలు, వేలిముద్రలు, ఫోటోలు, సాక్షుల పేర్లు, జీపీఏ (యజమాని తరఫున అమ్మే అధికారం మరొకరికి ఇచ్చే పత్రం) మీద అమ్మి ఉంటే దాని నంబరు, తేదీ చూడండి. సొమ్ము ముట్టినట్టు రాసిన పేరాను ప్రత్యేకంగా చదివి, అక్కడున్న ప్రతి చెక్కు నంబరునూ మీ బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిపోల్చండి.

తర్వాత తేల్చుకోవలసింది, ఆ దస్తావేజు మీద సంతకం మీదేనా అన్నది. మీరే సంతకం చేసి ఉంటే, నిర్దిష్ట పరిహార చట్టం, 1963లోని 31వ సెక్షన్ కింద రద్దు కోరాలి. మీరు సంతకం చేయని దస్తావేజైతే, అది మీ మీద చెల్లదని 34వ సెక్షన్ కింద ప్రకటన కోరాలి. ఆస్తి ఎదుటివారి స్వాధీనంలో ఉంటే దాన్ని అప్పగించాలని కూడా అదే దావాలో తప్పక అడగాలి. సంతకం మీదా కాదా అన్న ఈ తేడాను బట్టి కోర్టు ఫీజు కూడా మారుతుందని సుప్రీంకోర్టు 2010లో వివరించింది.

ఇక కారణాలు. ఫోర్జరీ సంతకం, వేరొకరిని యజమానిగా నిలబెట్టి చేయించిన రిజిస్ట్రేషన్, మైనరు స్వయంగా రాసిన దస్తావేజు మొదటి నుంచీ చెల్లనివి. మోసం, బెదిరింపు, తప్పుడు సమాచారం, అనుచిత ప్రభావం వల్ల చేసిన సంతకమైతే, కోర్టు రద్దు చేసేదాకా దస్తావేజు చెల్లుబాటులోనే ఉంటుంది. హిందూ మైనరు ఆస్తిని తండ్రి గానీ తల్లి గానీ కోర్టు అనుమతి లేకుండా అమ్మితే, ఆ మైనరుకు మేజరయ్యాక మూడేళ్ల గడువు ఉంటుంది. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని పిల్లలు చూడకపోతే, 60 ఏళ్లు నిండిన తల్లిదండ్రులు 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు.

ఎక్కువమంది దెబ్బతినేది మరో చోట: డబ్బు పూర్తిగా ముట్టలేదన్న ఒక్క కారణం రద్దుకు చాలదు. దహిబెన్ కేసులో 1.74 కోట్ల ధరకు 40 వేలే అందాయని అమ్మినవారు చెప్పినా, 2009 నాటి అమ్మకంపై గడువు దాటాక 2014లో వేసిన ఆ దావాను విచారణకైనా తీసుకోనక్కరలేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. బాకీ ధర వసూలుకు దావా వేయవచ్చు గానీ, అమ్మకం నిలిచే ఉంటుందన్నది ఆ తీర్పు సారం.

అందుకే గడువు విషయంలో ఏమాత్రం అలక్ష్యం పనికిరాదు. కాలపరిమితి చట్టం 59వ ఆర్టికల్ ప్రకారం, రద్దుకు ఆధారమైన సంగతి మీకు తొలిసారి తెలిసిన నాటి నుంచి మూడేళ్లే. రిజిస్టర్ అయిన తేదీనే మీకు తెలిసిందని ఎదుటివారు వాదిస్తారు కనుక, ఎప్పుడు, ఎలా తెలిసిందో చూపే ఈసీ, నోటీసు, ఉత్తరం భద్రపరచండి. పోలీసు ఫిర్యాదు ఇవ్వడం మంచిదే గానీ, దానివల్ల ఈ గడువు ఆగదు, దస్తావేజు రద్దు కాదు.

దావా ఆస్తి ఉన్న చోటే వేయాలి. చెన్నై నగర పరిధిలో విలువ కోటి రూపాయల దాకా సిటీ సివిల్ కోర్టు, అది దాటితే హైకోర్టు విచారిస్తాయి. మీరు చెన్నైలో ఉంటున్నా నెల్లూరు స్థలానికి నెల్లూరు కోర్టుకే వెళ్లాలి. దావా పత్రంలో "మోసం చేశారు" అని రాస్తే సరిపోదు. ఎవరు, ఏ తేదీన, ఏం చెప్పి, ఏ కాగితం మీద సంతకం పెట్టించారో వివరంగా ఉండాలి. మీకు ముట్టిన సొమ్మును తిరిగి ఇవ్వమని కోర్టు ఆదేశించవచ్చు కనుక, ఎంత ముట్టిందో దాచవద్దు. ఆస్తి మళ్లీ చేతులు మారకుండా దావాతో పాటే తాత్కాలిక ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) కోరండి.

డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) వచ్చాక దాని ప్రతిని కోర్టు రిజిస్ట్రేషన్ అధికారికి పంపుతుంది, ఆయన తన పుస్తకంలో రద్దు సంగతి నమోదు చేస్తారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ ఈసీ తీయించి, ఆ నమోదు కనిపిస్తోందో లేదో చూసుకుని, పట్టా మార్పుకు దరఖాస్తు చేయండి.