ట్యూబు మూత తీశాక ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి

కావలిలో మా ల్యాబులో పొద్దున ఫాస్టింగ్ శాంపిళ్ళ రద్దీ మొదలవగానే అనలైజరు (రక్తపరీక్ష చేసే మిషను) ‘క్లాట్’, అంటే గడ్డ అడ్డుపడిందంటూ మొరాయించేది. శాంపిల్ పీల్చే సూది (ప్రోబు) కడగడం, మళ్ళీ రన్ పెట్టడం, బయట కాఫీ కూడా తాగకుండా కూర్చున్న పేషెంట్ల చిరాకు.

తప్పు మిషనుది కాదు, మా తొందరది. ఇప్పుడు క్లాట్ యాక్టివేటర్ (రక్తాన్ని త్వరగా గడ్డకట్టించే పదార్థం) ఉన్న ఎర్ర మూత ట్యూబుని రక్తం తీయగానే 5, 6 సార్లు మెల్లగా తలకిందులు చేసి, స్టాండులో నిలువుగా 30 నిమిషాలు కదపకుండా ఉంచుతున్నాం. ఆ తర్వాతే సెంట్రిఫ్యూజ్, అంటే ట్యూబుని గిర్రున తిప్పి (స్పిన్) గడ్డ నుంచి పైనుండే పసుపు ద్రవాన్ని (సీరం) వేరుచేసే మిషను. అది పూర్తిగా ఆగాకే తెరవాలి, చేత్తో ఆపకూడదు.

మూత మీద గాజుగుడ్డ ముక్క కప్పి, గ్లౌజులతో, ముఖానికి దూరంగా మెలితిప్పుతూ తీయండి. ‘టప్’మని లాగితే చుక్కలు ఎగురుతాయి. తర్వాత వెలుతురుకు పెట్టి చూడండి. సీరంలో సాలెపోగులాంటి ఫైబ్రిన్ (గడ్డకట్టేటప్పుడు ఏర్పడే పోగు), పైన బుడగ కనిపిస్తే కొత్త అప్లికేటర్ పుల్లతో తీసేయండి. ఒక్కో ట్యూబుకి ఒక్కో పుల్ల. బుడగ చిన్నదేలే అని వదలొద్దు, ప్రోబు దాన్నే సీరం అనుకుని గాలి పీల్చేస్తుంది.

రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవాళ్ళకి, డయాలసిస్ నుంచి వచ్చినవాళ్ళకి ఈ 30 నిమిషాలు చాలకపోవచ్చు. స్పిన్ అయ్యాక కూడా గడ్డ కడుతూనే ఉంటుంది. ఇంకాసేపు ఆగాల్సిందే.