అక్వేరియం సంప్ పైపులు కారుతుంటే ఎలా బాగుచేయాలి?

బరంపురంలో మా ఇంట్లో ఉన్న నాలుగడుగుల అక్వేరియం కింద సంప్ (ఫిల్టర్ ఉండే రెండో తొట్టి) పెట్టుకున్నాను. పైతొట్టి నీళ్లు పైపులోంచి సంప్‌లోకి దిగుతాయి, ఫిల్టర్ దాటాక మోటారు వాటిని తిరిగి పైకి తోస్తుంది. ఒకరోజు పొద్దున్నే చూస్తే స్టాండు కింద నేలంతా తడి. ఎంసీల్ ముద్ద కలిపి తడి కనిపించిన చోట అంటించేశాను. మర్నాడు మళ్లీ తడే. నీరు కారేది అక్కడ కాదు, జానెడు పైనున్న జాయింటులో! పైపు వెంట జారి వచ్చి కింద బొట్టు కట్టింది.

అందుకే ముందు కారే చోటు పట్టుకోండి. కింద నేల మీదున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసి పైన పెట్టండి. పైపులన్నీ పొడిగుడ్డతో తుడిచి, ప్రతి జాయింటుకూ టిష్యూ పేపరు చుట్టండి. ముఖానికి రాసుకునే పౌడరు చల్లినా పని జరుగుతుంది. తర్వాత మోటారు వేసి కాసేపు ఆగండి. తడిసిన వాటిలో అన్నిటికంటే పైన ఉన్నదే అసలు జాయింటు. సముద్రపు చేపలు పెంచేవాళ్లకు ఇంత శ్రమ అక్కర్లేదు, ఉప్పు తెల్లగా పేరుకున్న చోటే ఆనవాలు చెబుతుంది.

ఇక మోటారు, హీటరు ప్లగ్గులు తీసి, పైనుంచి నీళ్లు దిగడం ఆగాక పని మొదలుపెట్టండి.

గాజుకు బిగించే ట్యాంక్ కనెక్టర్ దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. రబ్బరు వాషర్ ఉండాల్సింది తొట్టి లోపల, కనెక్టర్ వెడల్పాటి అంచుకూ గాజుకూ మధ్య. నట్టు వైపు కాదు. నీటి మట్టం కనెక్టర్ కిందికి తగ్గించి, విప్పి, గాజు మీది నాచును, పాత సిలికాన్‌ను బ్లేడుతో గీకేయండి. వాషర్ గట్టిపడితే కొత్తది వేయండి. దానికి సిలికాన్ పూయొద్దు, బిగిస్తున్నప్పుడు వాషర్ జారిపోతుంది. చేత్తో బిగించాక పానాతో పావు తిప్పు చాలు. నేను పైప్ పానాతో బలమంతా చూపించి ఒక గాజు పలక పగలగొట్టాను. కొన్ని నట్లకు మర ఎదురు దిక్కులో ఉంటుంది, విప్పేటప్పుడే గమనించుకోండి.

మర జాయింటైతే పాత టేపు తీసేసి, కొత్త టెఫ్లాన్ టేపు మర బిగిసే దిక్కులో నాలుగైదు చుట్లు చుట్టండి. ట్యాంక్ కనెక్టర్ నట్టుకూ యూనియన్‌కూ (పైపును విప్పి మళ్లీ బిగించుకునే జాయింటు) మాత్రం టేపు దండగ. అక్కడ నీటిని ఆపేది వాషర్, ఓ-రింగ్ అనే గుండ్రటి రబ్బరు చుట్టు. ఓ-రింగ్‌ను కడిగి సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. వాజ్‌లైన్ వద్దు, కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బిపోతుంది.

సొల్యూషన్‌తో (పైపులు అంటించే జిగురు) అంటించిన జాయింటు కారితే పైన ఏం పూసినా నిలవదు. ఆ ముక్క కోసేసి, కప్లర్లతో (రెండు పైపులను కలిపే ముక్కలు) కొత్తది వేయాలి. తెల్లటి యూపీవీసీ పైపుకు, మీగడరంగు సీపీవీసీ పైపుకు సొల్యూషన్లే కాదు, కొలతలూ వేరు. అందుకే మా ఊరి బడా బజార్‌కు వెళ్లేటప్పుడు కోసిన ముక్క జేబులో వేసుకెళ్తాను. తెలుగులో అడిగినా ఒడియాలో అడిగినా ముక్క చూపిస్తే గొడవ లేదు. ‘గట్టిగా ఉంటుంది’ అని ఇత్తడిది ఇస్తే మాత్రం తీసుకోకండి. అందులోని రాగి రొయ్యలకూ నత్తలకూ విషం. పైపు తడి లేకుండా తుడిచి, రెండు వైపులా సొల్యూషన్ రాసి, పావు తిప్పు తిప్పుతూ తోసి, అర నిమిషం కదలకుండా పట్టుకోండి. 24 గంటలు ఆరనిచ్చి, లోపల ఒకసారి కడిగాకే వాడండి.

అంతవరకూ పైతొట్టిలో ఎయిర్ పంప్ నడవాలి. ఫిల్టర్ స్పాంజీ, రాళ్లను తొట్టి నీళ్లున్న బకెట్లో వేసి అక్కడా ఒక ఎయిర్‌స్టోన్ పెట్టండి. లేదంటే నీటిని శుభ్రం చేసే బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

అన్నీ బిగించాక మళ్లీ టిష్యూ చుట్టి గంటసేపు చూడండి. ఆపైన కావాలనే మోటారు ఆపండి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను మా పక్కనున్న గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. అలాంటప్పుడు కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. మోటారు ఆగితే పైనుంచి వెనక్కి దిగే నీళ్లన్నీ సంప్‌లో పట్టాలి. పొంగేలా ఉంటే సంప్‌లో నీటి మట్టం తగ్గించి, పైకెళ్లే పైపుకు తొట్టి నీటిమట్టానికి కాస్త కిందుగా చిన్న చిల్లు పెట్టండి. మట్టం చిల్లుదాకా దిగగానే గాలి దూరి సైఫన్ (నీళ్లు పైపులోంచి వాటంతటవే వెనక్కి లాగబడటం) తెగిపోతుంది. ఆ చిల్లు నాచుతో మూసుకుపోతుంటుంది, నెలకోసారి పుల్లతో పొడవండి.