ఎర్లీ అప్లికేషన్ పెట్టే ముందు

కడపలో ఇంటర్ చదువుతూ, మామూలు మార్కులతో అమెరికా పెద్ద యూనివర్సిటీకి ముందే అప్లై చేస్తున్నారా? ఇవి చూసుకోండి.

• ఎర్లీ డెసిషన్ అంటే మాటిచ్చినట్టే. ఈ పద్ధతిలో ఒక్క కాలేజీకే పెట్టాలి, సీటొస్తే చేరాలి, మిగతా కాలేజీలకు మామూలుగా పెట్టిన అప్లికేషన్లు వెనక్కి తీసుకోవాలి. అమ్మో నాన్నో కూడా సంతకం పెట్టాలి కాబట్టి ఫీజు లెక్క ముందే ఇంట్లో తేల్చుకోండి. ఆర్థిక సాయం అడిగితే చాలాచోట్ల విదేశీ విద్యార్థులకు అవకాశం తగ్గుతుంది. అడక్కుండా పెట్టి, తర్వాత అప్పుకు పరుగెత్తడం నాకైతే నచ్చదు.

• హార్వర్డ్, యేల్‌లలో ఉండే ఎర్లీ యాక్షన్ ముందే అప్లై చేసే ఇంకో పద్ధతి. ఇందులో సీటొచ్చినా చేరాలన్న కట్టుబాటు లేదు.

• ఎర్లీ రౌండులో సీట్లొచ్చే శాతం ఎక్కువ కనిపించినా, మీకూ అంత సులువనుకోకండి. సీటొచ్చినవాళ్లలో కాలేజీ జట్ల కోసం ముందే ఎంపికైన ఆటగాళ్లూ ఉంటారు.

• గడువు తరచుగా నవంబర్ 1. సిఫార్సు లేఖలు దసరా సెలవులకు ముందే అడగండి.

• పదో తరగతి మెమోలో, పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకేలా ఉందా?