గింప్‌లో పీడీఎఫ్: పేజీలు తగ్గినా, అంచులు తెగినా

సర్టిఫికెట్లను ఫోన్లో ఫొటోలు తీసి, గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోదాన్ని ఒక్కో లేయర్‌గా (ఒకదానిమీద ఒకటి పేర్చిన పొరల్లా) పెట్టి, అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్ చేసుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చెప్పేదంతా గింప్ 2.10 గురించి.

ఒక్క పేజీయే వస్తోంది

ఎక్స్‌పోర్ట్ నొక్కగానే వచ్చే చిన్న విండోను చదవకుండానే చాలామంది దాటేస్తారు. దయచేసి చదవండి. అందులో 'లేయర్స్ యాజ్ పేజెస్' అని ఉంటుంది, మామూలుగా దానికి టిక్ ఉండదు. టిక్ పెట్టకపోతే లేయర్లన్నీ ఒకదానిమీద ఒకటి పడి, పైనున్నది మాత్రమే కనిపించే ఒక్క పేజీ వస్తుంది.

టిక్ పెట్టినా కొన్ని పేజీలు రాలేదా? లేయర్స్ ప్యానెల్‌లో కన్ను గుర్తులు చూడండి. కింది పేజీని సరిచేయడానికి పైవాటిని దాచి, తిరిగి చూపించడం మర్చిపోతారు. దాచిన లేయర్లను వదిలేయమనే 'ఓమిట్ హిడెన్ లేయర్స్'కు టిక్ ముందే ఉంటుంది, కాబట్టి అవి పేజీలుగా రావు. ముందు కళ్లన్నీ తెరవండి, తర్వాతే ఎక్స్‌పోర్ట్. ఇంత చిన్న విషయం చూసుకోకుండా సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లున్నారు.

వరస తిరగబడింది, మొదటి పేజీ ఖాళీగా వచ్చింది

అట్టడుగు లేయరే మొదటి పేజీ. 'రివర్స్ ద పేజెస్ ఆర్డర్' టిక్ చేస్తే పైనుంచి మొదలవుతుంది. ఖాళీ పేజీ అంటే అడుగున తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ లేయర్ మిగిలిపోయిందని, దాన్ని తీసేయండి. ఫొటో మీద టైప్ చేసిన పేరు విడి పేజీగా వస్తే ఆ టెక్స్ట్ లేయర్‌ను 'మర్జ్ డౌన్'తో ఫొటోలో కలపండి.

పేజీల అంచులు తెగిపోతున్నాయి

అసలు టెన్షన్ దీనితోనే, ఎందుకంటే తప్పు తెర మీద కనపడదు. మార్కుల మెమో అడుగున సంతకం లేదని దరఖాస్తు వెనక్కి వచ్చాక గానీ తెలియదు.

గింప్‌లో పేజీ సైజు అంటే కాన్వాస్ సైజు, అంటే లేయర్లు పేర్చే చట్రం కొలత. ఒక ఫైల్‌కు కాన్వాస్ ఒక్కటే, పేజీలన్నీ ఆ కొలతలోనే వస్తాయి. మొదట తెరిచిన ఫొటో సైజే కాన్వాస్ సైజు అవుతుంది. ముందుగా అడ్డంగా తీసిన ఆధార్ ఫొటో, 4000×3000 పిక్సెళ్లది, తెరిచారనుకోండి. తర్వాత 'ఓపెన్ యాజ్ లేయర్స్'తో 3000×4000 నిలువు మెమో తెస్తే గింప్ దాన్ని సరిగ్గా నడిమధ్యలో పెడుతుంది. పైన 500, కింద 500 పిక్సెళ్లు కాన్వాస్ బయటికి పోతాయి. అంటే పైన బోర్డు పేరు, కింద సంతకం, స్టాంపు. అవి చెరిగిపోలేదు, లేయర్‌లో భద్రంగా ఉన్నాయి. కానీ కాన్వాస్ దాటినవి కాబట్టి తెర మీదా కనపడవు, పీడీఎఫ్‌లోకీ రావు. మధ్యలో మార్కుల పట్టిక మాత్రం నిండుగా కనిపిస్తుంటే ఎవరికి అనుమానం వస్తుంది?

వ్యూ మెనూలో 'షో ఆల్' నొక్కండి. 2.10.14 నుంచి ఉంది. కాన్వాస్ బయట మిగిలినదంతా బయటపడుతుంది.

తొందరలో ఉంటే ఇమేజ్ మెనూలో 'ఫిట్ కాన్వాస్ టు లేయర్స్' చాలు. ఏదీ తెగదు, కానీ పై ఉదాహరణలో పేజీ 4000×4000 చదరంగా మారి పక్కల ఖాళీ మిగులుతుంది. సరైన పద్ధతి ముందే ఏ4 కాన్వాస్ తీసుకోవడం: కొత్త ఫైల్‌కు ఏ4 టెంప్లేట్, 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు), అంటే 2480×3508 పిక్సెళ్లు. ఫొటోలన్నీ లేయర్లుగా తెచ్చి, తెల్ల లేయర్ తీసేసి, ఒక్కో ఫొటోకు 'స్కేల్ లేయర్'లో వెడల్పు 2480 ఇవ్వండి. వెడల్పు, ఎత్తులను జతచేసే గొలుసు గుర్తు కలిసే ఉండాలి. నిలువు మెమో ఎత్తు 3307 అవుతుంది, పేజీలో హాయిగా పడుతుంది.

ఇలా చేస్తే పేజీ బ్రహ్మాండమైన సైజులో రావడం కూడా తప్పుతుంది. ఫోన్ ఫొటో 72 పీపీఐతో ఉంటే 3000 పిక్సెళ్ల పేజీ వెడల్పు 41 అంగుళాలు దాటుతుంది. ఇప్పటికే అలా చేసేసి ఉంటే 'ప్రింట్ సైజ్'లో 300 పెట్టండి.

ఫైల్ బరువెక్కువైంది

ఎక్స్‌సీఎఫ్ (లేయర్లతో సహా దాచే గింప్ సొంత ఫైల్) కాపీ ఒకటి దాచుకుని, 'స్కేల్ ఇమేజ్'తో 1240×1754కు తగ్గించండి. చదవడానికి ఇబ్బంది ఉండదు.

ఎక్స్‌పోర్ట్ విండోలో కనిపించే లేయర్ మాస్కులు, వెక్టర్ మార్పిడి లాంటివాటి అవసరం స్కాన్ ఫొటోల్లో అరుదు. పైన చెప్పినవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.