క్లినిక్‌లో అసిస్టెంట్‌గా కొత్తగా చేరారా? ముందు ఓపీ చీటీ రాయడం నేర్చుకోండి

చిన్న క్లినిక్‌లో కొత్తగా చేరినవాళ్ళు సూది వేయడం ఎప్పుడు నేర్పుతారా అని చూస్తుంటారు. అది తర్వాత సంగతి. ముందు ఓపీ చీటీ సరిగ్గా రాయడం రావాలి. పేషెంట్ లోపలికి వెళ్ళేసరికి డాక్టరుగారి ముందు ఉండేది ఆ చీటీయే. మందు మార్చాలా, డోసు పెంచాలా అన్నది చాలావరకు దాని మీద అంకెలు చూసే తేలుస్తారు.

పేరు దగ్గర్నుంచే జాగ్రత్త. "లక్ష్మిగారేనా?" అని అడగకండి, సరిగ్గా వినపడని పెద్దవాళ్ళు దేనికైనా తలూపుతారు. "మీ పేరు చెప్పండమ్మా" అని వాళ్ళ నోటితోనే చెప్పించి, ఇంటిపేరు, వయసు పాత ఫైలుతో సరిపోయాయో లేదో చూసుకోండి. ఒకే రోజు ముగ్గురు లక్ష్ములు రావడం మనకి మామూలే కదా. ఏదైనా మందు పడదా అని కూడా అప్పుడే అడిగి, ఉంటే చీటీ పైన ఎర్ర పెన్నుతో రాయండి.

ఇక బీపీ. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చిన మనిషికి వెంటనే పట్టీ చుట్టకూడదు. ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, వీపు కుర్చీకి, పాదాలు నేలకి ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, మూత్రం వస్తుంటే ముందు వెళ్ళి రమ్మనాలి, అరగంటలోపు టీ, కాఫీ, సిగరెట్ తాగి ఉండకూడదు. చొక్కా చేతి మీదుగా పట్టీ కట్టొద్దు. లావు చేతికి మామూలు పట్టీ కడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, అందుకే పెద్ద సైజుది ఒకటి తెప్పించమని డాక్టరుగారిని అడగండి. కొలిచేటప్పుడు మీరూ మాట్లాడొద్దు, వాళ్ళనీ మాట్లాడనివ్వొద్దు.

ఒకసారి ఒక పెద్దావిడ ఎండలో బస్టాండు నుంచి నడిచి వచ్చింది. కూర్చోగానే చూస్తే 168/96. ఫ్యాను కింద కూర్చోబెట్టి, పది నిమిషాలాగి మళ్ళీ చూస్తే 142/84. మొదటిది ఒక్కటే రాసి పంపి ఉంటే ఆవిడకి ఇంకో మాత్ర పడేదేమో. అందుకే ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూసి, రెండూ రాయండి. మొదటిసారి వచ్చినవాళ్ళకి రెండు చేతులకీ చూడండి. రద్దీగా ఉందని అసలు చూడకుండానే 120/80 రాసేసేవాళ్ళున్నారు, తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. చూడటం కుదరకపోతే ఖాళీ వదిలేయండి, ఖాళీ కనపడితే డాక్టరుగారే చూసుకుంటారు.

షుగర్ టెస్టుకి వచ్చినవాళ్ళని "పరగడుపునే వచ్చారా?" అంటే "ఆఁ, ఏం తినలేదు" అంటారు. టీ తాగారా అని విడిగా అడగండి, మనవాళ్ళ లెక్కలో పాలూ పంచదారా వేసిన టీ తిండి కిందకి రాదు. కనీసం 8 గంటలు మంచినీళ్ళు తప్ప ఏదీ పడకూడదు. తిన్నాక చేసే టెస్టుకి రెండు గంటల లెక్క మొదటి ముద్ద దగ్గర్నుంచి మొదలవుతుంది. గ్లూకోమీటరుతో చూసేటప్పుడు చేతులు సబ్బుతో కడిగించి తుడుచుకోమనండి, మామిడిపండు తిన్న వేలి మీద షుగర్ ఎక్కువే వస్తుంది మరి. స్పిరిట్ రాస్తే అది ఆరాకే గుచ్చండి.

పిల్లల బరువు వాళ్ళమ్మ చెప్పింది రాయొద్దు, వచ్చిన ప్రతిసారీ తూచండి. పారాసిటమాల్ లాంటివి బరువును బట్టే ఇస్తారు. కిలోకి 15 మిల్లీగ్రాముల లెక్కన పది కిలోల బిడ్డకి ఒక మోతాదు 150 అయితే, బరువు 14 అని రాస్తే అది 210 అయిపోతుంది. ఎక్కడైనా తప్పు రాస్తే దాని మీదే దిద్దకుండా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయండి.

సూది వాడాక మూత మళ్ళీ పెట్టొద్దు, ఎక్కువగా గుచ్చుకునేది అప్పుడే. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదులు, బ్లేడ్లు పొడుచుకురాని గట్టి తెల్ల డబ్బాలోకి, సూది తీసిన సిరంజి, సెలైన్ గొట్టాలు, గ్లౌజులు ఎర్ర సంచిలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, గాజు సీసాలు నీలం దాంట్లోకి. ఒకవేళ గుచ్చుకుంటే పిండకుండా సబ్బు నీళ్ళతో కడిగి వెంటనే డాక్టరుగారికి చెప్పండి, భయపడి దాచొద్దు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది.

కౌంటర్ దగ్గర జబ్బు పేరు గట్టిగా అడగకండి. పక్కన కూర్చున్నది వాళ్ళ వీధివాళ్ళే అయి ఉండొచ్చు.

ఛాతీ నొప్పితో చెమటలు పడుతున్నా, మూతి ఒక పక్కకి పోయినా, మాట ముద్దగా వస్తున్నా, ఊపిరి ఆడకపోయినా టోకెన్ నంబరు చూడొద్దు, తిన్నగా లోపలికి తీసుకెళ్ళండి. ఫోన్లో ఎవరైనా ఇవే చెప్తే "సాయంత్రం ఆరుకి రండి" అనకుండా 108కి చేయమని చెప్పండి. లైన్లో ఉన్నవాళ్ళు మమ్మల్ని కాదని వాళ్ళని ఎలా పంపుతారని గొడవపడితే, "ఆయనకి అస్సలు బాగోలేదు బాబాయ్, కాస్త ఆగండి" అని నెమ్మదిగా చెప్పండి, దాదాపు అందరూ ఆగుతారు.